వత్తావా, రావా

ఈ మాట నా నోటితో ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. తొమ్మిదో తరగతిలో ఉండగా, విశాఖపట్నంలో స్పోర్ట్స్ హాస్టల్ సెలక్షన్లలో, నేను ఎనిమిది బంతులు కావాలనే తప్పించాను. పదింటిలో ఎనిమిది. అమ్మకు తెలీదు. నా బదులు వెళ్ళవలసిన బుద్రికి తెలీదు. డైరీలో కూడా రాయలేదు. ఆ రోజు పేజీలో "సముద్రం చూశాం" అని మాత్రం ఉంది.

పోయిన నెల ఒక ఉదయం జీపు రాజు ఫోన్ చేశాడు. నేను అరకుకి పక్క మండలంలో ఒక చిన్న బ్రాంచి పోస్టాఫీసులో పనిచేస్తున్నాను. అప్పుడే సంచి విప్పి ఉత్తరాలకు ముద్ర వేస్తున్నాను. రాజు ఎప్పుడూ ఘాట్‌రోడ్డు మీద ఎదురొచ్చే బండికి చెబుతున్నట్టు అరిచి మాట్లాడతాడు. ఆ రోజు గొంతు తగ్గించి, "బాబాయ్ ఎల్లిపోయేడే" అన్నాడు. వెంటనే, "టీవీ నడుత్తానే ఉంది. నానే కట్టేసేను" అన్నాడు. ఇంకా పదకొండు ఉత్తరాలు మిగిలాయి. వాటికి కూడా ముద్ర వేసి, గదికి తాళం పెట్టి బయల్దేరాను.

అక్కడ, బాబాయి హోటలు ముందు, మా హైస్కూల్లో ఆటలు నేర్పిన పీఈటీ సారు కలిశారు. రిటైరై జుట్టుకు రంగు వేయడం మానేశారు. నన్ను పక్కకు పిలిచి, ఎంతో దయగా, "ఏమీ అనుకోకమ్మా. నలభై ఏళ్ళు ఆట చూసిన మనిషి. ఒక్కసారి ఎంపికలో పొరపాటు పడ్డాడు. ఆ దిగులుతోనే పోయాడు పాపం" అన్నారు. ఆ పొరపాటు నేనే. నేను అలవాటు ప్రకారం తల దించుకున్నాను.

సారు చెప్పింది నిజం కాదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆయన పేరు రాయను. హోటలు బోర్డు మీదా పేరు ఉండేది కాదు, "కాఫీ, టిఫిన్" అని ఉండేది, అంతే. అరకు సంతకు దిగే దారి మలుపులో రేకుల షెడ్డు, నాలుగు బల్లలు. అందరికీ ఆయన బాబాయే. కొండ కింది మైదానం నుంచి వచ్చినవాడు, పార్వతీపురం వైపు మనిషి. బాగా పొడుగు కావడంతో రేకుల కింద ఎప్పుడూ కొంచెం వంగే నడిచేవాడు. కుడి మోకాలు మడిచినప్పుడల్లా టక్‌మని చప్పుడయ్యేది. ఆ చప్పుడు వినే అమ్మ, ఆయన వంటగదిలోకి వస్తున్నాడని తెలుసుకుని పిండి గరిట చేతిలోకి తీసుకునేది. చుట్టూ కాఫీ తోటలు, బోర్డు మీద కాఫీ, ఆయన తాగేది మాత్రం టీ.

ఆయన గురించి తలుచుకుంటే ముందు గుర్తొచ్చేది కుడి చెయ్యి. ఏది విసిరినా, ఉల్లిపాయ బుట్టలోకి, నలిపిన కాగితం చెత్తడబ్బాలోకి, విసిరాక ఆ చెయ్యి వెంటనే కిందికి దిగేది కాదు. మణికట్టు ముందుకు వంగి, వేళ్ళు వేలాడుతూ గాలిలో అలాగే ఉండిపోయేది. ఉల్లిపాయ బుట్టలో పడి దొర్లడం ఆగేవరకూ దించేవాడు కాదు. కొత్తగా వచ్చిన టూరిస్టులు ఆయన ఎవరికో టాటా చెబుతున్నాడనుకుని వెనక్కి తిరిగి చూసేవారు.

అమ్మ ఆ హోటల్లో పిండి రుబ్బి ఇడ్లీలు వేసేది. మా ఇల్లు గట్టు మీద, నన్ను ఒక్కదాన్నీ వదలలేక ఐదున్నరకే వెంటబెట్టుకుని దిగేది. బడి వేళ వరకూ నేను బియ్యం బస్తా మీద కూర్చుని, బజ్జీలు కట్టడానికి తెచ్చిన పాత పేపర్లు చదువుకునేదాన్ని. ఇంట్లో మేం మాట్లాడేది ఒరియా కలిసిన కొండ మాట. తెలుగు నాకు మనుషుల కంటే ముందు కాగితం మీద పరిచయమైంది. అందుకేనేమో చదవడం వచ్చినంత సులువుగా పలకడం రాలేదు. "దానికి నోరు లేదు బాబూ" అని అమ్మ వచ్చినవాళ్ళందరికీ ముందే చెప్పేసేది.

అమెరికాలో రాత్రి ఆడే బాస్కెట్‌బాల్ మాకు పొద్దున్న వస్తుంది. బయట మంచు దట్టంగా ఉండి, ఎదురుగా ఉన్న కూరగాయల కొట్టు కూడా కనబడేది కాదు. లోపల ఒక మూలన టీవీ. దాని ముందు ముగ్గురు. బాబాయి, టూరిస్టులను తిప్పే జీపు రాజు, హైస్కూలు పీఈటీ సారు. ఆటగాళ్ళ పేర్లు రాజుకు నోరు తిరిగేవి కాదు. పచ్చ బనీన్లు, పసుపు బనీన్లు, గడ్డపోడు, ఎడంచేతోడు, ఇలా ఉండేవి ఆ హోటల్లో పేర్లు. బంతి గాల్లోకి లేవగానే మిగతా ఇద్దరూ బంతి వెంట చూసేవారు. బాబాయి మాత్రం విసిరినవాడి పాదాలు చూసేవాడు.

"బంతినెవుడైనా సూత్తాడు. ఆడి కాళ్ళు సూడు. కాళ్ళు ముందే సెప్పెత్తాయి."

అసలు ఆట కంటే వాళ్ళ వాదన పెద్దది. ముగ్గురికీ కాగితం మీద తలా ఒక జట్టు ఉండేది. అక్కడి జట్లకు జీతాల మీద ఒక హద్దు ఉంటుందట, ఎంత డబ్బున్నా ఆ హద్దు దాటి ఆటగాళ్ళను కొనకూడదు. మా హోటల్లో ఆ హద్దు ఒక స్టీలు గ్లాసు. ఎవరి గ్లాసు నిండా వాళ్ళకు ఎండిన కాఫీ గింజలు. ఆటగాణ్ణి తీసుకుంటే ఇన్ని గింజలు, ఇన్నేళ్ళు అని ఒప్పందం. గ్లాసు ఖాళీ అయితే అంతే, ఇంక ఎవరూ రారు.

రాజు గ్లాసంతా ఒక్కడి మీదే కుమ్మరించేవాడు. "పెద్దోడొక్కడుంటే సాలు బాబాయ్. మిగతావోళ్ళు బంతందించడానికే కదేటి?"

"ఆడికి మోకాలు పట్టేత్తే? అప్పుడెవుడాడతాడు, నువ్వా? జీపు దిగితేనే ఆయాసం నీకు."

పీఈటీ సారుకి పంతొమ్మిదేళ్ళ కుర్రాళ్ళంటే ఇష్టం. ఇంకా సరిగ్గా పరిగెత్తడం రాని పొడుగు పిల్లవాణ్ణి తీసుకుని, "వీడిలో పొటెన్షియల్ ఉందండీ. మూడేళ్ళాగి చూడండి" అనేవారు.

"రేపాడతాడన్నోడికి గింజలు రేపే ఇద్దుం సారూ. ఇయ్యాలాడినోడికి ఇయ్యాల."

బాబాయి ఎంచుకునేవాళ్ళు టీవీలో ఎక్కువ కనబడనివాళ్ళు. బల్ల చివర తువ్వాలు కప్పుకుని కూర్చుని, పిలిచినప్పుడు లేచి నాలుగు నిమిషాలు ఆడి, తప్పు చేయకుండా మళ్ళీ వచ్చి కూర్చునేవాళ్ళు. వాళ్ళకు తక్కువ గింజలు చాలు. ఏడాది చివర లెక్క తీస్తే గెలిచింది ఎక్కువసార్లు ఆయనే. రాజుకు అది అరిగేది కాదు.

ఒకరోజు రాజు, సారు ఆటగాళ్ళను మార్చుకుంటున్నారు. రాజు తన ఎడంచేతి వాణ్ణి ఇచ్చి, సారు దగ్గరున్న సెంటర్‌ని, అంటే రింగు కిందే నిలబడి ఆడే పొడుగువాణ్ణి, తీసుకుంటానన్నాడు. ఇద్దరూ ఒప్పుకున్నారు. బాబాయి గ్లాసులు తుడుస్తూ ఆగాడు.

"ఆడినడిగేవేటి?"

"ఎవుణ్ణి?"

"ఇచ్చెత్తానంటన్నావే, ఆణ్ణి."

"అమెరికావోణ్ణి నానెలగడుగుతాను బాబాయ్? ఫోన్ సెయ్యమంటావేటి?"

సారు నవ్వారు. బాబాయి నవ్వలేదు. అప్పుడే మొదటిసారి తన సంగతి చెప్పాడు. వయసులో ఉండగా కింద మైదానంలో ఒక జూట్ మిల్లు జట్టుకి ఆడేవాడట. పెళ్ళయి నెల. ఒక పొద్దున్న డ్యూటీకి వెళితే నోటీసు బోర్డు మీద తన పేరుందట. వేరే ఊళ్ళో మిల్లుకి పంపేశారు. "నన్నిచ్చేసి ఒక వాలీబాలోణ్ణి తెచ్చుకున్నారు. ఎవుడూ ఒక్క మాటడగలేదు. వత్తావా, రావా అని. అడిగితే ఎల్తాననేవోణ్ణేమో. అడగలేదు." అంటూ తుడిచిన గ్లాసునే మళ్ళీ తుడిచాడు. ఆ కొత్త ఊళ్ళో ఏం జరిగింది, ఆ పెళ్ళి ఏమైంది, కొండకు ఒంటరిగా ఎందుకు వచ్చాడు, ఇవేవీ చెప్పలేదు. మేమూ అడగలేదు.

ఆ తర్వాత చుట్టూ చూశాడు. బస్తా మీద నేను కనబడ్డాను.

"ఏటి గుంటా, ఆ ఎడంచేతోడివి నువ్వే అనుకో. వత్తావా, రావా?"

నా ఒళ్ళో పేపరు ఉంది. యాదృచ్ఛికమే, రెండు రోజుల కిందట అదే మనిషి గురించి నాలుగు లైన్లు చదివాను. మూడేళ్ళలో నాలుగు ఊళ్ళు మారాడట. పెట్టెలు విప్పడం మానేశానని అన్నాడట. నేను తల అడ్డంగా ఊపాను.

"అయితే బేరం లేదు. రాసుకోండి సారూ."

అప్పటినుంచి అది ఆ హోటలు చట్టమైపోయింది. ఎవర్ని ఎవరికిచ్చినా చివరికి నా వైపు తిరగాలి. నేను నిలువుగా ఊపితే వస్తాడు. అడ్డంగా ఊపితే రాడు. పై అప్పీలు లేదు. సారు రాత కోడిగీతలు కావడంతో నెల తిరక్కుండా నోటుబుక్కు కూడా నాకే వచ్చింది. ఆటగాడు, ఎక్కడినుంచి ఎక్కడికి, ఎన్నేళ్ళు, ఎన్ని గింజలు. వరస చివర ఒక్క మాట, వత్తాడు అనో, రాడు అనో. ఆయన పలికినట్టే రాసేదాన్ని.

ఆ పని కోసం నేను ఆటల పేజీలన్నీ చదివాను. ఎవరికి తల్లి ఏ ఊళ్ళో ఉంది, ఎవరికి బిడ్డ పుట్టింది, ఎవరు కోచ్‌తో మాట్లాడడం లేదు. గడ్డపోడనే ఒక సెంటర్‌ని ఆరుసార్లు కదలనివ్వలేదు. రాజు నెత్తి కొట్టుకునేవాడు. "ఓలమ్మో, ఈ గుంటున్నన్నాళ్ళూ నాకు సెంటరు దొరకడు! ఏటే, ఆడు నీకేటౌతాడు?" బడిలో పేరు పిలిస్తే ప్రెజెంట్ అనడానికే గొంతు రాని నాకు, ఆ బస్తా మీద మాత్రం ఒక మాట ఉండేది. దాని కోసం మంచులో పరిగెత్తుకుంటూ దిగేదాన్ని.

మధ్యాహ్నం హోటలు మూసి ఉండే వేళ ఆయన హైస్కూలుకి వచ్చి ఆడపిల్లలకు బంతి నేర్పేవాడు. అక్కడి రింగు వెల్డింగు షాపులో ఇనుప ఊచ వంచి చేసింది, గుండ్రంగా కాక కోడిగుడ్డులా ఉండేది. హాస్టల్ పిల్ల బుద్రి మాలో అందరికన్నా బాగా ఆడేది. పొట్టిగా, గట్టిగా, ఎవరి చేతి కింద నుంచైనా దూరిపోయేది. నాకు అందరితో ఆడడం భయం. అందరూ వెళ్ళాక, రింగుకి ఎదురుగా గీసిన గీత దగ్గర ఒక్కదాన్నే నిలబడి వేసుకోవడం ఇష్టం. పదింటికి ఎనిమిది, తొమ్మిది పడేవి. అది ఆట అని నేను అనుకోలేదు. లెక్కలు చేసుకున్నట్టు, నిశ్శబ్దంగా బాగుండేది. ఆయన గోడ దగ్గర నిలబడి నా పాదాలు చూసేవాడు.

తొమ్మిదో తరగతిలో నేను ఒక్కసారిగా పొడుగెదిగాను. ఆ ఏడాదే విశాఖపట్నంలో స్పోర్ట్స్ హాస్టల్‌కి సెలక్షన్లు పడ్డాయి. మా బడి నుంచి ఒక్క పిల్లనే పంపాలి. టీవీలో ప్రకటనలు వస్తుండగా సారు ఆ కాగితం బల్ల మీద పెట్టారు.

"బుద్రిని పంపుదాం. పోయినేడు పాయింట్లన్నీ దానివే."

"బుద్రికి ఇంకెదుగుదల లేదు సారూ. ఎత్తు సాలదు." బాబాయి చేతులు తుడుచుకుని నా దగ్గరకు వచ్చాడు. "లెగు గుంటా. గోడకి నిలబడు. సేతులు సాపు."

నిలబడ్డాను. రాజు వెదురు బద్ద తెచ్చి కొలిచాడు. నా ఎత్తు కంటే చాచిన చేతులు నాలుగు వేళ్ళు ఎక్కువ. ఆయన కళ్ళు ఎలా వెలిగాయో నాకు గుర్తుంది. ఏ ఆటగాణ్ణి చూసినప్పుడూ అలా వెలగలేదు.

"సూసేరా? ఇంకా నాలుగంగుళాలెదుగుద్ది. ఆ మణికట్టు సూడండి, దేవుడు పెట్టి పంపేడు. నాలుగేళ్ళక్కడుంటే రాష్ట్రానికాడుద్ది."

సారు నమ్మలేనట్టు చూశారు. "రేపు ఆడేవాడికి గింజలు రేపే అన్నది మీరేనా?"

"అది టీవీలోవోళ్ళకండీ."

"గుంట బాగుపడిపోద్ది బాబాయ్" అన్నాడు రాజు. "పోలీసుద్యోగం, రైలుద్యోగం, ఏదోటి ఇచ్చెత్తారు." అమ్మ పొయ్యి దగ్గర నుంచి కొంగుతో మొహం తుడుచుకుంటూ వచ్చింది. తిండి, బట్ట అన్నీ వాళ్ళే పెడతారని తెలిసి బాబాయి కాళ్ళకు దండం పెట్టబోయింది. సారు మెత్తబడ్డారు. కాగితం మీద నా పేరు రాశారు.

నేను బస్తా మీద కూర్చుని నోటుబుక్కు తెరిచాను. అలవాటు కొద్దీ రాశాను. నా పేరు. మా బడి నుంచి విశాఖపట్నం. నాలుగేళ్ళు. చివరి మాట దగ్గర పెన్ను ఆపి, ఆయన వైపు చూశాను. ఇప్పుడు తిరుగుతాడు, అడుగుతాడు అనుకున్నాను. ఏం చెప్పాలో కూడా సిద్ధం చేసుకున్నాను. ఆ బస్తా, ఆ పేపర్లు, గట్టు మీద ఇల్లు, వీటిని వదిలి, వందమంది చూస్తుండగా ఆడే చోటికి నేను రాను. తల ఎటు ఊపాలో నాకు స్పష్టంగా తెలుసు.

ప్రకటనలు అయిపోయాయి. ఆయన టీవీ గొంతు పెంచాడు.

వారం తర్వాత మైదానం నుంచి బూట్లు తెప్పించాడు. ఎదిగే కాళ్ళని ఒక సైజు పెద్దవి. ఆ పెట్టె చూశాక నా అంతట నేను చెప్పడం ఇంక నా వల్ల కాలేదు.

అమ్మ, నేను, ఆయన వెళ్ళాం. అక్కడ ఎండ, ఉక్క, తెల్ల గీతలు, నిజంగా గుండ్రంగా ఉన్న రింగు. పది బంతుల్లో ఆరు పడాలి. మొదటి రెండూ చేతి అలవాటుకి పడిపోయాయి, రింగు తగలకుండా. బల్ల వెనక కూర్చున్నాయన తలెత్తి నా చేతుల వంక చూసి, పక్కాయనతో, "ఈ అమ్మాయిని రాయండి" అన్నాడు. నన్ను ఇంకెవరో రాస్తున్నారు. కంచె అవతల బాబాయి ఇడ్లీ పొట్లం పట్టుకుని నిలబడ్డాడు, కుడి చెయ్యి గాల్లో వంగి ఉంది, బంతి తనే వేసినట్టు. నేను ఆ చెయ్యి చూడకుండా మూడో బంతి రింగు ముందు అంచుకి కొట్టాను. తర్వాత ఏడూ అక్కడికే.

ఆ రాత్రి ఆయన అక్కగారింట్లో ఉండి, మర్నాడు పొద్దున్న రైలెక్కాం. అమ్మ కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. ఘాట్ మొదలయ్యాక సొరంగాలు. ప్రతి సొరంగం చీకట్లోనూ చెప్పేద్దామనుకున్నాను. చక్రాల హోరులో ఎవరికీ వినబడదు కదా, ఆయనకొక్కడికే వినబడుతుంది కదా అని. ప్రతిసారీ నోరు తెరిచేలోపు వెలుతురు వచ్చేసేది. చివరికి ఆయనే మాట్లాడాడు, నా వైపు కాదు, కిటికీ వైపు చూస్తూ.

"నాకు కన్ను లేదు గుంటా. ఉందనుకున్నాను."

హోటల్లో బల్లల దగ్గర అందరూ మా కోడిగుడ్డు రింగునే తిట్టారు. ఆయన ఒప్పుకోలేదు. "రింగుదేటి తప్పు? ఎంచినోడిది." కొన్నాళ్ళు రాజు ఊరుకున్నాడు. ఒకరోజు వాదనలో ఓడిపోతూ, కోపంలో అనేశాడు. "సొంతూరు గుంటనెంచలేనోడు అమెరికా టీములెంచుతాడట!" అని వెంటనే నాలిక కరుచుకున్నాడు. బాబాయి లేచాడు. తన గింజల గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళాడు. మోకాలు టక్‌మంది. కాసేపటికి వేగుతున్న గింజల వాసన వచ్చింది. తన జట్టు మొత్తాన్ని పెనం మీద వేయించి, దంచి, కాఫీ కాచి అందరికీ పోశాడు. తనూ ఒక గ్లాసు తాగాడు. ఆయన కాఫీ తాగగా నేను చూసింది అదొక్కసారే. రాజు తన గ్లాసు ముట్టుకోకుండా, మంచులోకి వెళ్ళి జీపు అద్దం తుడుస్తూ చాలాసేపు ఉండిపోయాడు.

ఆ తర్వాత టీవీ నడిచింది కానీ జట్లు లేవు. బాబాయి బడికి రావడం కూడా మానేశాడు. మరుసటేడు సెలక్షన్లకు బుద్రి వయసు దాటిపోయింది. నేను క్షమించమన్నట్టు చూస్తే, "నీ తప్పేటుందే, నువ్వు పొడుగు" అంది. ఇప్పుడు కానిస్టేబుల్ పరీక్ష కోసం రోజూ తెల్లారగట్ల రోడ్డు మీద పరిగెడుతోంది. ఇది చదివితే దానికి తెలుస్తుంది. తెలియాలి.

తొమ్మిదేళ్ళు ఎందుకు చెప్పలేదని నన్ను నేను చాలాసార్లు అడిగాను. చెబితే, "మీరు అడగలేదు" అని ఆయన్ని నిందించినట్టవుతుంది. చెప్పకపోతే ఆయన తననే నిందించుకుంటాడు. ఈ రెండింటిలో నాకు నోరు మెదపనక్కర్లేనిది సులువు. అంతకన్నా గొప్ప కారణం లేదు.

మొన్న చలికాలంలో, ఒక సంత రోజున వెళ్ళాను. ఊపిరి సరిగ్గా అందక మంచం పట్టాడని రాజు చెప్పాడు. హోటలు వెనక గదిలో నవారు మంచం, దాని ఎదురుగా స్టూలు మీద టీవీ, గొంతు తగ్గించి ఉంది. రాజు రోజూ జావ తెచ్చి ఇస్తున్నాడట. ఆ పొడుగు మనిషి దుప్పటి కింద చాలా కొంచెమే ఉన్నాడు.

"ఉత్తరాల గుంటొచ్చింది. నాకేటైనా ఉత్తరముందేటి?"

నేను సంచిలోంచి నోటుబుక్కు తీసి ఇచ్చాను. అట్ట చూసి నవ్వాడు. కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో పేజీ తిప్పాడు. "గడ్డపోడు... ఈణ్ణారుసార్లు ఆపేవు కదేటి. రాజుగాడు ఏడవనొక్కటే తక్కువ." తిప్పుతూ తిప్పుతూ చివరి పేజీకి వచ్చి ఆగాడు. నా పేరు. విశాఖపట్నం. నాలుగేళ్ళు. ఆ తర్వాత ఖాళీ.

"ఇదేటి, రాయలేదు?"

"అడగలేదు బాబాయ్" అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు. ఆయనకు వినబడింది.

పేజీ మీద వేలు పెట్టాడు. "రాజుగాడడగలేదేటి?" తల అడ్డంగా ఊపాను. "సారు?" ఊపాను. "మీయమ్మ?" ఊపాను. నాలుగో పేరు ఆయన పలకలేదు. ఊపిరి తీసుకోవడానికి చాలాసేపు పట్టింది. టీవీలో ఎవరో బంతి విసిరారు, ఆయన అటు చూడలేదు.

"ఆ ఎనిమిదీ... ముందంచుకే కదా కొట్టేవు?"

నిలువుగా ఊపాను.

"ఎనిమిదీ? వరసగా? ఒక్కసోటికే?"

ఊపాను. ఏడుస్తున్నానని అప్పుడు తెలిసింది.

ఆయన మొహంలో ఏదో మెల్లగా విప్పుకుంది. దుప్పటి మీద కుడి చెయ్యి లేచి, మణికట్టు వంగి, వేళ్ళు వేలాడుతూ గాల్లో నిలిచింది. "ఓలమ్మా... అలా తప్పించాలంటే ఎంత సెయ్యుండాల! మరి నాకు కన్నుందన్నమాట." నవ్వబోతే దగ్గు వచ్చింది. వీపు నిమిరాను. దగ్గు తగ్గాక నవ్వు లేదు. నా వైపు తిరగడానికి మంచం మీద కష్టపడి పక్కకు ఒత్తిగిలాడు. పూర్తిగా తిరిగేవరకూ మాట్లాడలేదు.

"కన్నుంది. అడగాలనే తెలివే లేకపోయింది. నన్నెవుడో సేసిందే నీకూ సేసేను. ఇప్పుడడుగుతన్నాను గుంటా. వత్తావా, రావా?"

నేను కళ్ళు తుడుచుకుని, బస్తా మీద కూర్చున్నప్పటిలాగే, తల అడ్డంగా ఊపాను.

ఆయన నోటుబుక్కు నా చేతిలో పెట్టాడు.

"అయితే బేరం లేదు. రాసుకో."